వరసలో ఆఖరి మనిషి

రఘునందన్‌కి కుదురనేది పుట్టుకతోనే లేదని వాళ్ళమ్మ అంటుండేది. అన్నం తినేటప్పుడు కూడా మోకాలు ఊపుతూనే ఉంటాడు. అలాంటి మనిషి ఆ శుక్రవారం తెల్లారకముందే నోయిడా సెక్టార్ అరవై రెండులో, ఆఫీసు గేటు ముందు, టెంపో ట్రావెలర్ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఎవరికీ వింతనిపించలేదు. టీమ్‌ని కొండలకి తీసుకెళ్తున్న మేనేజరు కదా, ఆ మాత్రం హడావుడి ఉంటుందిలే అనుకున్నారు. పాపం, వాళ్ళకేం తెలుసు.

అసలు సంగతేమిటంటే, ముందురోజు మధ్యాహ్నం పైఅధికారి వీపీ అతన్ని అద్దాల గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక పేరు అడిగాడు. అది 2009 మార్చి. అమెరికాలో బ్యాంకులు కూలినప్పటి నుంచీ నోయిడాలో ఏ ఆఫీసు కాఫీ మిషన్ దగ్గర చూసినా ఇదే గుసగుస. క్లయింటు సగం పని వెనక్కి లాక్కున్నాడట, టీమ్‌కొకరు చొప్పున ఇంటికి వెళ్ళాలట. ఒక పేరు, దానికి ఒక్క వాక్యంలో కారణం. శనివారం సాయంత్రం ఆరింటికల్లా తనకి చేరాలి, సోమవారం పొద్దున హెచ్చార్ వాళ్ళు పిలిచి చెప్పేస్తారు అన్నాడు వీపీ. రేపట్నుంచి నేను కొండల్లో ఉంటాను, టీమ్ మొత్తం నాతోనే ఉంటుంది అని గొణిగాడు రఘునందన్. ఎస్సెమ్మెస్ పెట్టు చాలు అన్నాడాయన. పోనీ ట్రిప్పు మానేద్దామా అంటే, మానేస్తే అందరికీ అనుమానం వస్తుంది, వెళ్ళి హాయిగా నడిచి రండి అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో.

రోజులు బాగున్నప్పుడు బుక్ చేసిన ట్రిప్పు అది. మూడు రోజులు, కుమావూ కొండల్లో గైడు వెంట నడక, పల్లెల్లో ఇళ్ళల్లోనే బస, ఆ ఇంటివాళ్ళు పెట్టిందే భోజనం. వెళ్ళేది మేనేజరుతో కలిపి తొమ్మిది మంది. మిగతా ఎనిమిదిలో ఆరుగురిని కదపడానికి లేదు, వాళ్ళు కావాలని క్లయింటే అడిగాడు. ఇక మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ తెలుగువాళ్ళే కావడం రఘునందన్ ఖర్మ.

ఒకమ్మాయి తేజశ్రీ. హైదరాబాద్ పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మీటింగులో అడక్కముందే జవాబు చెప్పే రకం. రెండోవాడు చిట్టిబాబు. అమలాపురం వైపు మనిషి, ముప్ఫై మూడేళ్ళు. నోరు విప్పితే అండీ అనేదాకా వాక్యం ముగియదు. అతని చేతికొచ్చిన పని ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా తెములుతుంది. నెలాఖరున సాఫ్ట్‌వేర్‌లో ఎవరెన్ని తప్పులు సరిచేశారో లెక్కవేసే షీట్‌లో అతని అంకె అడుగునే ఉంటుంది. ఎందుకని రఘునందన్ ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు. షీట్‌లో ఎందుకు అనే గడి లేదు మరి.

చిట్టిబాబు బండెక్కుతూ ఒక అట్టపెట్టె కూడా ఎక్కించాడు. వాళ్ళావిడ కృష్ణకుమారి అందరికీ జంతికలు చేసి, కందిపొడి కొట్టి, ఓ సీసాడు నెయ్యి కాచి పంపించిందట. ఘాజియాబాద్ దాటకముందే సీటు సీటుకీ తిరిగి పంచాడు, మొదట రఘునందన్‌కే ఇచ్చాడు. ఆ జంతిక ముక్క గొంతు దిగితే ఒట్టు. కిటికీలోంచి చూస్తూ నములుతున్నట్టు నటించి, తర్వాత కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు రఘునందన్.

అప్పుడే అతనికో ఆలోచన వచ్చింది. ఆఫీసులో కనపడని మనిషి కొండ మీద కనపడతాడని ఏదో ట్రైనింగులో విన్నాడు. సరే, ఈ రెండు రోజులు ఇద్దర్నీ చూస్తాను, ఎవరు ముందుంటారో ఎవరు వెనకపడతారో కొండే తేలుస్తుంది అనుకున్నాడు. భారం కొండ మీద పెట్టేసరికి కాస్త ఊపిరాడింది. తన పని తాను చెయ్యలేక కొండకి అప్పజెప్పడం చూడండి, ఎంత తెలివో.

మధ్యాహ్నం రెండింటికి తారురోడ్డు అయిపోయింది. అక్కడ ఒక టీకొట్టు, ఒక కుళాయి, పైకి పోయే రాళ్ళదారి తప్ప ఏమీ లేవు. గైడుగా ఎవరో కుర్రాడు వస్తాడనుకుంటే, నలభై అయిదేళ్ళ ఆడమనిషి వచ్చింది. సల్వార్ మీద మగవాళ్ళ స్వెట్టరు, తలకి రుమాలు, కాళ్ళకి బూట్లు, చేతిలో కర్ర. పేరు కమల. చుట్టుపక్కల నాలుగు పల్లెల ఆడవాళ్ళు కలిసి నడుపుతున్న పని అట ఇది. ఏ ఇంటికి ఎప్పుడు అతిథులు రావాలో వంతులుంటాయి, నాకీ ఇల్లు కావాలి ఆ గది కావాలి అంటే కుదరదు.

ఆవిడ అందర్నీ నిలబెట్టి బూట్లు చూసింది, ఎవరికే జబ్బుందో అడిగింది. తర్వాత ఒక్కొక్కరినీ ఆ కుళాయి దాకా నడిచి వెళ్ళి రమ్మంది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు రఘునందన్ అక్కడ లేడు. రోడ్డు మలుపు దగ్గర ఫోన్ పైకెత్తి పట్టుకుని, సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంటే అటూ ఇటూ గంతులు వేస్తున్నాడు. వీపీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, పేరు కోసం చూస్తున్నానని. తిరిగి వచ్చేసరికి కమల చెప్పాల్సినవన్నీ చెప్పేసింది, జనం బ్యాగులు తగిలించుకుంటున్నారు. ఏం చెప్పిందని కూడా అతను అడగలేదు. నడవడానికేముంది చెప్పడానికి?

నడక మొదలయింది. కమల వెనకే తేజశ్రీ, ఆ వెనక మిగతావాళ్ళు. రఘునందన్ మాత్రం వరసలో ఇమడలేకపోయాడు. కాసేపు ముందుకు ఉరుకుతాడు, ఆగి ఫోన్ చూసుకుంటాడు, మళ్ళీ వెనక్కొస్తాడు. సాబ్, వరసలో నడవండి అని కమల రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడం మానేసింది. చిట్టిబాబు ఎక్కడున్నాడో చూద్దామని రెండు మలుపుల దగ్గర ఆగాడు. కనపడలేదు.

గంటన్నరకి మొదటి పల్లె చేరారు. పలకరాళ్ళు పరిచిన వాకిలి, చిన్న కిటికీలున్న మేడ. ఆ ఇంటావిడ సరోజ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, అరచేతిలో చిన్న బెల్లంముక్క పెట్టింది. టీలో చక్కెర ఉండదు, బెల్లం కొరుక్కుంటూ తాగాలి. అందరూ ఆ సరదాలో ఉంటే రఘునందన్ వాచీ చూసుకుంటున్నాడు. ఇరవై నిమిషాల తర్వాత చిట్టిబాబు ఒంటరిగా వచ్చాడు. చంకలో ఓ గోనెసంచి, మొహం నిండా చెమట. ఏ పైన్ కాయలో, రంగురాళ్ళో ఏరుకుంటూ వచ్చాడు కాబోలు. ఇక్కడ మనిషి బతుకు తేల్చడానికి నేను తన్నుకు చస్తుంటే వీడికి రాళ్ళు కావలసి వచ్చాయా అని మండిపోయింది రఘునందన్‌కి.

పిలిచి, ఎందుకింత ఆలస్యం అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగాలంటే మొహం చూడాలి. చిట్టిబాబు మొహం చూసే ధైర్యం మనవాడికి గురువారం మధ్యాహ్నంతోనే పోయింది.

వంతుల ప్రకారం ఆ సాయంత్రం రఘునందన్‌కీ చిట్టిబాబుకీ ఒకే గది పడింది. రాగిరొట్టెలూ నల్లచిక్కుడు పప్పూ పెడితే చిట్టిబాబు కందిపొడి డబ్బా తీసి, సరోజకి కూడా వడ్డించి, నెయ్యి వేసుకోవాలని సైగలతో చెప్పాడు. ఆవిడ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది, అయినా రెండోసారి వేయించుకుంది. గదిలోకి వచ్చాక చిట్టిబాబు రజాయిలు దులుపుతూ కబుర్లు మొదలుపెట్టాడు. కృష్ణకుమారి నోయిడా వచ్చి మూడు నెలలయిందట. మొదట్లో రోజూ ఏడ్చేదట, ఇప్పుడు కూరగాయల బండివాడితో హిందీలో బేరమాడుతోందట, నిన్నగాక మొన్న పక్కింటి దీదీతో కలిసి మెట్రో పని ఎంతవరకొచ్చిందో చూసి వచ్చిందట. ఊరు అలవాటవుతోందండీ దానికి, అన్నాడు మురిసిపోతూ. రఘునందన్ ఎనిమిదింటికే రజాయి మొహం మీదికి లాక్కుని, నిద్రపోయినట్టు ఊపిరి తీశాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. రోజంతా నడక, ఓ అడవి దాటి అవతలి పల్లెకి. దారి పొడుగునా బురాంశ్ చెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి, కిందపడ్డ పూలు తొక్కకుండా నడవడానికే లేదు. జనం ఫోటోలు తీసుకుంటుంటే రఘునందన్ వాచీ చూసుకుంటున్నాడు. మొదటి మజిలీలో తేజశ్రీ అందరికన్నా ముందు, కమల పక్కనే. చిట్టిబాబు పన్నెండు నిమిషాలు ఆలస్యం. రెండోచోట మళ్ళీ తేజశ్రీ ముందు, చిట్టిబాబు పద్దెనిమిది నిమిషాలు. మధ్యాహ్నం వాగు దగ్గర పరోటాలు తినేచోట ఇరవై రెండు. ప్రతిసారీ అదే గోనెసంచి, అదే నవ్వుమొహం. అంకెలు దొరికేసరికి రఘునందన్‌కి ప్రాణం లేచొచ్చింది. కొండ చెప్పిందీ షీట్ చెప్పిందీ ఒకటే. ఇక తనకేం సంబంధం, ఉన్నమాట రాయడమేగా.

రెండో పల్లె చేరేసరికి అయిదు దాటింది. బ్యాగు కింద పడేసి, సిగ్నల్ ఎక్కడొస్తుందని అడిగాడు. కమల పైకి చూపించింది. ఊరి వెనక గుట్ట మీద రేకుల నీళ్ళట్యాంకు ఉంది, అక్కడ ఒక్కోసారి ఒక గీత వస్తుంది, కానీ రాళ్ళు వదులుగా ఉన్నాయి, వానపడేలా ఉంది, రేపు దిగేటప్పుడు ఎలాగూ వస్తుంది కదా అంది. రేపటిదాకా ఆగే మనిషయితే రఘునందన్ ఎందుకవుతాడు. టీ కూడా తాగకుండా పరిగెత్తాడు.

ట్యాంకు దగ్గరికి చేరేసరికి ఆరుకి పదినిమిషాలుంది. రొప్పుతూ, బొటనవేలితో చిట్టిబాబు పేరు కొట్టాడు. పక్కన కారణం రాశాడు: ఎప్పుడూ అందరికన్నా వెనకే ఉంటాడు. రాసింది ఇంకోసారి చదువుకోకుండా నొక్కేశాడు. ఫోన్ మీద కవరు బొమ్మ కదిలింది, కదిలింది, ఆగింది. ఉన్న ఒక్క గీతా మాయమైపోయింది. మెసేజ్ వెళ్ళలేదు, సిగ్నల్ వచ్చినప్పుడు దానంతటదే వెళ్తుంది అని తెర మీద పడింది. అతను ట్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు, రాయెక్కి చెయ్యి చాపాడు. ఆరు దాటింది. టపటపా వడగళ్ళు మొదలయ్యాయి.

దిగేటప్పుడు కాలు జారింది. కుడి మోకాలు రాతికి కొట్టుకుని కళ్ళముందు చీకటి కమ్మింది. అక్కడే కూలబడి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని కూర్చుంటే, కిందనుంచి గొడుగు వేసుకుని ఎవరో వస్తున్నారు. ఎవరో ఏమిటి, చిట్టిబాబే. టీకి అందరూ కూర్చున్నాక లెక్కచూస్తే ఒకరు తగ్గారండీ, మీరు పైకెళ్ళారని కమల దీదీ చెప్పింది అన్నాడు. ఇంకేమీ అడగలేదు. భుజం కింద చెయ్యి వేసి, గొడుగంతా ఇతని మీదే పట్టి, తను తడుస్తూ అడుగడుగూ దింపుకొచ్చాడు. ఆ ఇంటివాళ్ళు ఉప్పు వేయించి మూట కట్టిస్తే చాలాసేపు కాపడం కూడా పెట్టాడు.

అప్పుడు రఘునందన్‌కి సిగ్గేసింది. నిజంగానే వేసింది. ఫోన్ తీసి ఆ మెసేజ్ తీసేద్దామనుకున్నాడు. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా. తీసేస్తే మరి ఎవరి పేరు రాయాలి? తేజశ్రీదా? గొడుగు పట్టాడని, కాపడం పెట్టాడని వదిలేస్తే అది న్యాయమవుతుందా? ఇలా నాలుగు రకాలుగా తిప్పి తిప్పి ఆలోచించి, చివరికి ఏ చేతకాని మనిషయినా చేసేదే చేశాడు. పొద్దున చూద్దాంలే అని ఫోన్ బ్యాగులో పడేశాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి కమల మళ్ళీ వరస కట్టించింది. ఈసారి రఘునందన్‌ని చెయ్యిపట్టుకుని తెచ్చి తన వెనకే, తేజశ్రీకన్నా ముందు నిలబెట్టింది. అతని బ్యాగు తీసి వెనక మనిషికి ఇచ్చేయమంది. బ్యాగు చేతులు మారుతూ వరస చివరికి వెళ్ళిపోయింది. కుంటుతున్నా మనవాడికి లోపల కాస్త గర్వంగానే అనిపించింది. ఇన్నాళ్ళకి మేనేజరుకి ఇవ్వాల్సిన చోటు ఇచ్చిందీవిడ అనుకున్నాడు.

దారి కిందికి దిగుతోంది. సన్నటి బాట, పక్కనే లోయ. గంటన్నర పాటు పళ్ళబిగువున నడిచాక నొప్పి మరిచిపోవడానికి మాట కలిపాడు. ఇవాళ ముందు నిలబెట్టారే, మేనేజరునని ఎవరైనా చెప్పారా అని అడిగాడు హిందీలో. కమల తిరిగి చూడకుండానే నవ్వింది.

"ముందు నడిచేది పెద్దమనిషి కాదు సాబ్, అందరికన్నా బలహీనుడు. ఆ నడకకే అందరూ నడవాలి. నిన్నటిదాకా ఆ అమ్మాయి నడిచింది, ఇవాళ మీరు. మొదటిరోజే చెప్పాను కదా. ఓ, మీరప్పుడు ఫోన్ ఎత్తుకుని రోడ్డు మలుపులో ఉన్నారు."

తేజశ్రీకి ఉబ్బసం ఉందట. మొదటిరోజే మందు గొట్టం చూపించి చెప్పిందట. రఘునందన్‌కి ఇది ఇప్పుడే తెలిసింది. మరి ఆఖరున నడిచే మనిషి, అని అడిగాడు. అడగకుండా ఉంటే బాగుండునని అడుగుతున్నప్పుడే అనిపించింది.

"అతన్నే నేను అందరికన్నా ముందు ఎంచుకుంటాను," అంది కమల. "పొలాల దడికి అడ్డకర్రలు తీసి మనం వెళ్ళిపోతాం. మళ్ళీ పెట్టకపోతే పశువులు చొరబడి పైరు మేసేస్తాయి. అవి పెట్టాలి. మీవాళ్ళు పారేసిన కాగితాలూ సీసాలూ ఏరి సంచిలో వెయ్యాలి. బూటు తాడు కట్టుకోవడానికి ఆగినవాడు ముందుకు వెళ్ళేదాకా నిలబడాలి. ఎవరూ తన వెనక మిగలకూడదు."

అతన్నే ఎందుకు ఎంచుకున్నారు అన్నాడు రఘునందన్.

"కుళాయి దాకా వెళ్ళి రమ్మంటే అందరూ వెళ్ళి వచ్చేశారు సాబ్. కుళాయి కారుతోంది. అతనొక్కడే కట్టేసి వచ్చాడు."

ఇక రఘునందన్‌కి ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలయింది. ఆఫీసులో పొద్దున్నే తప్పుల జాబితా తెరిస్తే తేలికవన్నీ ఎవరికి వాళ్ళు ఎగరేసుకుపోతారు. మూడు నెలలుగా ఎవరూ ముట్టుకోని పాతవి అడుగున మిగిలిపోతాయి. అవి చిట్టిబాబువి. అతని అంకె అడుగున ఉండదూ మరి. ప్రతి రిలీజు అయ్యాక అందరూ పిజ్జా తిని క్యాబ్ ఎక్కేవారు, మర్నాడు చూస్తే మిగిలిపోయిన చెత్తంతా ఎవరో శుభ్రం చేసి ఉండేది. ఎవరు చేశారని కూడా ఎప్పుడూ అడగలేదు. అయిదేళ్ళు పక్కన కూర్చుని ఏం చూశాను నేను అని తనని తనే తిట్టుకున్నాడు.

మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఫోన్ బ్యాగులో ఉంది. బ్యాగు వరస చివర ఉంది. దిగే కొద్దీ సిగ్నల్ దగ్గరపడుతోంది.

ఒక్క నిమిషం ఆపమన్నాడు. ఇక్కడ ఆగకూడదు, కింద దేవదారు చెట్టు దగ్గర ఆగుదాం అంది కమల. ఆ మాట పూర్తి కాకముందే వెనక ఎవరిదో ఫోన్ కూసింది. ఆ వెంటనే ఇంకోటి. రెండు రోజులుగా నోరుమూసుకున్న ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగుతుంటే జనం నవ్వుతూ జేబులు తడుముకున్నారు. రఘునందన్ వెనక్కి తిరిగాడు. కమల అరుస్తున్నా వినకుండా, ఒక్కొక్కరినీ కొండవైపు ఒత్తుతూ, కుంటుకుంటూ ఎదురెక్కాడు. ఏమైంది అని అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేదు.

చిట్టిబాబు రెండు మలుపుల పైన ఉన్నాడు. పొలం దడి దగ్గర వంగి, గుంజ కన్నంలోకి అడ్డకర్ర దూరుస్తున్నాడు. వీపున తన బ్యాగు, ముందువైపు రఘునందన్ బ్యాగు, పక్కన నేలమీద గోనెసంచి. సంచి మూతి తెరిచే ఉంది. బిస్కెట్ కాగితాలు, నీళ్ళసీసాలు, ఎవరిదో ఊలు టోపీ. పైన్ కాయలూ లేవు, రంగురాళ్ళూ లేవు.

"మీ ఫోను ఇందాకే మోగిందండీ. మీరే వస్తారనుకోలేదు, నేనే తెద్దునుగా," అని చిట్టిబాబు జాగ్రత్తగా జిప్పు తీసి అందించాడు. తెర వైపు చూడను కూడా చూడలేదు.

మెసేజ్ వెళ్ళిపోయింది. తొమ్మిదీ పదికి వెళ్ళింది. వీపీ జవాబు కూడా వచ్చేసింది, అందింది, థాంక్స్ అని.

రఘునందన్ పదడుగులు అవతలికి పోయి ఫోన్ చేశాడు. నేను పొరబడ్డాను, ఆ పేరు తీసేయండి అన్నాడు. వీపీ కోప్పడలేదు. లిస్టు ఇంకా నా దగ్గరే ఉంది, మారుస్తాను, ఇంకో పేరు చెప్పు అన్నాడు. రఘునందన్ కిందికి చూశాడు. దేవదారు చెట్టు కింద తేజశ్రీ రాతి మీద కూర్చుని, మందు గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి పీలుస్తోంది. ఆ పేరు నోట రాలేదు. అప్పుడు తన పేరే నోటిదాకా వచ్చింది. అబద్ధం కాదు, నిజంగానే వచ్చింది. దాని వెనకే ఇందిరాపురంలో ఫ్లాటూ, పిల్లల స్కూలూ, ఏమంటుందో తెలియని భార్య ఉషా, అన్నీ వరసగా వచ్చాయి. వచ్చిన పేరు వచ్చినట్టే గొంతులో ఆగింది. రఘూ, ఉన్నావా అన్నాడు వీపీ. ఉన్నాను అన్నాడు. పేరు అన్నాడు వీపీ. ఎంతసేపటికీ జవాబు లేకపోతే, అయితే ఉన్నదే ఉంచుతున్నాను అని పెట్టేశాడు.

అంత కదిలే మనిషి, పుట్టాక మొదటిసారి, కదలకుండా నిలబడిపోయాడు. చెప్పకుండా ఉండొచ్చు. సోమవారం హెచ్చార్ వాళ్ళే చెబుతారు. కానీ ఇంకా ఎనిమిది గంటలు ఈ మనిషి మీద తన బ్యాగు మోపి, ఇతని జంతికలు తింటూ ప్రయాణం చెయ్యాలి. అది తన వల్ల కాదనిపించింది. దడి దగ్గరికి వచ్చి చెప్పేశాడు. టీమ్ నుంచి ఒకరు వెళ్ళాలన్నారనీ, తను చిట్టిబాబు పేరు పంపాననీ, అది తప్పని ఇప్పుడే తెలిసిందనీ, మార్చడానికి ప్రయత్నించి మార్చలేకపోయాననీ. ఏడుపు తన్నుకొస్తున్నా ఆపుకున్నాడు. ఇక్కడ ఏడ్చే హక్కు తనది కాదని ఆ మాత్రం తెలిసింది.

చిట్టిబాబు చేతిలో అడ్డకర్ర ఉంది. దాన్ని కన్నంలో పెట్టబోతే ఒకసారి తప్పింది, రెండోసారి కూడా తప్పింది. మూడోసారికి కూర్చుంది.

"కృష్ణకుమారికి నేనే చెప్పుకుంటానండి," అన్నాడు. "మీరెవరూ ఫోన్ చెయ్యకండి. ఇప్పుడిప్పుడే ఊరు అలవాటవుతోంది దానికి."

రఘునందన్ తలూపాడు. చిట్టిబాబు ఇంకో కర్ర తీసుకున్నాడు. తీసుకుని, పెట్టకుండా అలాగే పట్టుకుని అడిగాడు.

"కారణం రాయాలి కదండీ. ఏమని రాశారు?"

రఘునందన్ నేలచూపులు చూశాడు. "ఎప్పుడూ అందరికన్నా వెనకే ఉంటాడని రాశాను."

చిట్టిబాబు కిందికి చూశాడు. దేవదారు చెట్టు దగ్గర ఏడుగురూ చేరారు, కమల చెయ్యి ఊపి పిలుస్తోంది. అతను ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టుకున్నాడు.

"అదైతే నిజమేనండీ," అన్నాడు.

ఆ కర్ర కూడా పెట్టి, గోనెసంచి మూతి కట్టి భుజాన వేసుకున్నాడు. రఘునందన్ తన బ్యాగు ఇమ్మని చెయ్యి చాపాడు. చిట్టిబాబు ఇవ్వలేదు. మోకాలు బాగాలేదు కదండీ, మీరు ముందు దిగండి, నేను వెనక వస్తాను అన్నాడు. రఘునందన్ దిగడం మొదలుపెట్టాడు. కిందిదాకా వెనక ఆ అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది. తను ఆగినప్పుడల్లా అదీ ఆగింది.